పీఠం కింద పేరేది?

స్వీడన్‌లో స్టాక్‌హోమ్ దగ్గర గుస్తావ్స్‌బెర్గ్ అనే ఊళ్లో పేరున్న పింగాణీ కార్ఖానా ఒకటి ఉండేది. 1934లో బెర్న్‌ట్ ఫ్రీబెర్గ్ అందులో సారె మీద పనివాడిగా చేరాడు. మొదట్లో వేరే కళాకారులు ఊహించిన రూపాలకు తన చేత్తో మట్టి ఎత్తి ఇచ్చేవాడు. తర్వాత సొంత పని మొదలుపెట్టి మిలాన్ ట్రియెన్నాలే కళా ప్రదర్శనలో 1948, 1951, 1954 సంవత్సరాల్లో బంగారు పతకాలు తెచ్చుకున్నాడు. వేళ్ల మధ్య ఇమిడే బుల్లి జాడీ మీద కూడా కుందేలు బొచ్చులాంటి సన్నని చారలు జాలువారేలా మెరుగు పెట్టిన మహానుభావుడాయన! ఆ జాడీ తిప్పి చూస్తే అడుగున ఆయన సంతకం, ఏ ఏడు చేసిందో చెప్పే అక్షరం, కార్ఖానా వారి హస్తం గుర్తు కనిపిస్తాయి. ఇవాళ ఆయన పెద్ద జాడీలు వేలంలో లక్షల రూపాయలు పలుకుతున్నాయి.

ఆ రోజుల్లోనే మన కొండపల్లిలో ఒక చేయి కర్రతో అంబారీ ఏనుగు బొమ్మను చెక్కింది. తొండం మెలికలో ఠీవి, మావటి కూర్చున్న తీరులో నిబ్బరం. దాని పీఠం తిప్పి చూడండి, ఏమీ ఉండదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

గన్నవరం, ఉయ్యూరు, గుడివాడ వైపు పాత ఇళ్ల అటకల మీద ఇలాంటి బొమ్మలు ఇంకా ఉన్నాయి. దసరాకో సంక్రాంతికో కొలువులో పెట్టి, పండగ వెళ్లగానే పాత చీర గుడ్డల్లో చుట్టి దాచినవి. వాటిని సేకరించదగ్గ కళాఖండాలుగా చూసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. విదేశీ జాడీకి ఏమాత్రం తీసిపోని పనితనం పాత ఇనుప సామాను కొట్టు గుమ్మం దాకా వెళ్తోంది.

పని గురించి చెప్పాలంటే ముందు కర్ర గురించి చెప్పాలి. తెల్లపొణికి. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు, ఉలి ఆనగానే దిగుతుంది. మెత్తని కర్ర కదా అని ఏమరితే ఒక్క వేటుకు దేవుడి ముక్కు ఊడి కింద పడుతుంది. దుంగను ముక్కలు కోసి, ఆరబెట్టి, సన్నని సెగ మీద కాచి తేమంతా లాగేస్తారు. తేమ మిగిలిందా, రంగులు వేశాక బొమ్మ పగులుతుంది.

ఆపైన చెక్కుడు. ఒకే ముక్కలోంచి బొమ్మంతా తీయరు. మొండెం వేరు, చేతులు వేరు, తొండం వేరు, గొడుగు వేరు. వీటన్నిటినీ మక్కుతో అతుకుతారు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి నూరిన ముద్దే మక్కు. నన్నడిగితే అసలు విద్య ఇక్కడే ఉంది. మక్కు అతకడానికే అనుకోకండి. తలపాగా మడత, కొప్పు ముడి, భుజం గుండ్రం దిద్దేది కూడా దాంతోనే. చేయి తిరిగినవాడు పెట్టిన అతుకు వేలితో తడిమినా దొరకదు. ఆరాక ఆకురాయితో నునుపు చేసి, తెల్లటి పూత పూసి, రంగు పెడతారు. మేక వెంట్రుకల కుంచెతో కనుబొమ్మ గీసేటప్పుడు చేయి ఒక్కసారే కదలాలి, ఆ గీతకు మళ్లీ దిద్దుబాటు లేదు. చాలా ఇళ్లలో రంగుల పని ఆడవాళ్లదే. ఆ సంగతి చెప్పేవాళ్లు తక్కువ, అందుకే ఇక్కడ గట్టిగా చెబుతున్నాను.

అన్నిటిలోకీ నాకు కల్లుగీత బొమ్మ ప్రాణం. మోకు బిగించి తాటిచెట్టు మీద వెనక్కి వాలిన ఆ మనిషి బరువంతా తాడు మీదే ఉందని చూడగానే తెలుస్తుంది. జానెడు కర్రలో అంత బరువు చూపించినవాడు ఎవరు? తిరగలి విసిరే ఆమె నడుము వంపు చెక్కింది ఎవరు? దశావతారాల్లో నరసింహుడి ముఖంలో కోపాన్నీ పక్కనే వామనుడి ముఖంలో చిరునవ్వునూ అదే కుంచెతో తెప్పించింది ఎవరు?

చరిత్ర అంటారా, రాజస్థాన్ నుంచి వచ్చిన ఆర్యక్షత్రియులనే ఈ బొమ్మల పనివాళ్లు రెడ్డిరాజుల కాలంలో కొండపల్లి కొండ కింద స్థిరపడ్డారని చెప్పుకుంటారు. ముక్తర్షి తమ మూలపురుషుడని వాళ్ల నమ్మకం. అంతకుమించి నేను తవ్వబోను.

ఏటికొప్పాక లక్కబొమ్మలు అందమైనవే, కాదనను. అంకుడు కర్రను తరిణె మీద తిప్పి లక్క పట్టించే ఆ మెరుపు ముచ్చటైనదే. కానీ తరిణె గుండ్రాన్నిస్తుంది, మనిషి వాలకాన్ని ఇవ్వాలంటే ఉలే కావాలి. ఈ విషయంలో నేను కొండపల్లి పక్షమే, ఎవరేమనుకున్నా సరే.

ఇక నా కడుపుమంట. అచ్చులో పోసిన ప్లాస్టిక్, రెసిన్ సరుకుకు కొండపల్లి అని పేరు పెట్టి అమ్ముతున్నారు. 1999 నాటి చట్టం కింద భౌగోళిక గుర్తింపు ఇచ్చారు, బాగానే ఉంది. ఆ గుర్తింపు సంగతి కొట్లో అడిగే కొనుగోలుదారు ఏడీ? అచ్చు బొమ్మలు వందైనా వెయ్యైనా అన్నిటికీ ఒకే ముఖం, ఒకే చచ్చిన చూపు. వాటి ధరతో పోల్చి బేరమాడి అసలు బొమ్మ ధర తగ్గించమంటే పనివాడు ఏం చేస్తాడు? నగిషీ తగ్గిస్తాడు, చివరికి కొడుకును వేరే పనికి పంపుతాడు. కొండల్లో తెల్లపొణికి కూడా పల్చబడింది. నరికినంత వేగంగా నాటలేదు. అటవీ శాఖ పూనుకుని, బొమ్మలు చేసేవారి కోసమే ఈ చెట్టును పెంచాలి. కర్ర లేకపోతే మనం ఇచ్చే పురస్కారాలు, శాలువాలు ఎందుకు?

ఇళ్లలో జరిగే నష్టం ఇంకా బాధ. కొలువుకు మెరవాలని పాత బొమ్మకు ఎనామిల్ పూసేస్తారు. పాత నీటిరంగుల మెత్తదనం, ఆ కనుబొమ్మ గీత, అన్నీ ఆ దళసరి పూత కింద సమాధి అవుతాయి. దయచేసి పూయకండి. తడిగుడ్డ తగలనివ్వకండి. మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులపండి, ఎండ పడని చోట పెట్టండి. సన్నని రంధ్రాలు, వాటి కింద పిండిలాంటి పొడి కనిపిస్తే పురుగు పట్టిందన్నమాట, ఆ బొమ్మను మిగతావాటి నుంచి వెంటనే వేరు చేయండి. చేయి ఊడితే బజారు జిగురు పెట్టకండి, కొండపల్లి తీసుకెళ్తే మక్కుతోనే అతికిస్తారు.

అలా వెళ్లినప్పుడు బొమ్మల కాలనీలో పెద్దవాళ్లకు మీ బొమ్మ చూపించి, ఇది ఎవరి చేతి పనో గుర్తు పట్టగలరేమో అడగండి. కొత్తది కొంటే చెక్కిందెవరు, రంగులు వేసిందెవరు అని అడిగి, ఆ ఇద్దరితోనే పీఠం కింద పేర్లు రాయించండి. ఏ ఏడు చేసిందో కూడా రాయమనండి. వాళ్లు మొహమాటపడతారు, వద్దంటారు. రాసేదాకా డబ్బు చేతిలోనే పట్టుకుని నిలబడండి.