ఊరి పేరున్న నోటు

కర్ణాటకలోని మా పావగడలో ఎవరింట్లో పాత నోటు దొరికినా అందరూ ముందు అడిగేది ‘ఎన్నేళ్ల నాటిది?’ అనే. నేను మాత్రం అది ఏ ఊరిదో చూస్తాను.

అమెరికా నేషనల్ బ్యాంకు నోట్ల గురించి చదివాక పట్టుకున్న అలవాటిది. 1863 నుంచి 1935 దాకా అక్కడ చిన్న పట్టణాల బ్యాంకులు సైతం తమ పేరు, ఊరి పేరు ఉన్న నోట్లు ఇచ్చేవి. అచ్చైన కాగితం ఊరికి చేరాక ఆ బ్యాంకు ప్రెసిడెంటు, క్యాషియరు సంతకాలు చేసేవారు. నగరాల పెద్ద బ్యాంకుల నోట్లు బోలెడు మిగిలాయి కాబట్టి వాటి ధర మామూలే. ఎప్పుడో మూతపడిన పల్లె బ్యాంకు నోటు ఒకటో రెండో మిగిలితే, నలిగిపోయి ఉన్నా సరే, వేలంలో పోటీ పడతారు.

మన దగ్గరా ఊళ్ల పేర్లతో నోట్లుండేవి. 1861 చట్టం తర్వాత బ్రిటిష్ ఇండియా నోట్లు సర్కిళ్లనే ప్రాంతాల వారీగా వచ్చేవి. మద్రాసు సర్కిల్లో విశాఖపట్నం పేరున్నవీ ఉన్నాయి. అప్పట్లో టపాలో డబ్బు పంపేవాళ్లు నోటును రెండుగా కోసి, మొదటి సగం చేరిందని జవాబొచ్చాకే రెండోది పంపేవారు. అందుకే నడుమ అతుకున్న నోటు చూస్తే నాకు ముచ్చటేస్తుంది. అది మనుషుల చేతుల్లో తిరిగిన నోటు.

అయితే నా మనసంతా హైదరాబాద్ నిజాం నోటు మీదే. ఉర్దూ, ఇంగ్లీషు, మరాఠీలతో పాటు దాని మీద తెలుగూ కన్నడమూ ఉంటాయి. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో కన్నడం దిద్దిన మా తాలూకా వాళ్లకు అంతకంటే సొంతమైన నోటు ఏముంటుంది? బొంబాయికి బయల్దేరిన ‘ఈజిప్ట్’ అనే ఓడ 1922 మే 20న ఫ్రాన్స్ తీరం దగ్గర పొగమంచులో మరో ఓడ ఢీకొని మునిగింది. అందులోని బంగారం, వెండితో పాటు సంతకాలు పడని ఈ హైదరాబాద్ నోట్ల కట్టలూ సముద్రం పాలయ్యాయి. పదేళ్లకు ఇటలీ వాళ్లు వాటిని పైకి తీశారు. ఏ అంగట్లోనూ ఒక్కరోజు చెల్లని ఆ కాగితాలను సేకర్తలు ఇప్పుడు వెతికి మరీ కొంటారు. వాటి మీది నీటి మరకే వాటి చరిత్ర, దాన్ని తుడిచేస్తే ఏం మిగులుతుంది?

కాబట్టి పాత నోటు దొరికితే కడగకండి, ఇస్త్రీ చేయకండి, టేపు వేయకండి. లామినేషన్ అసలే వద్దు. పాత నోటుకు లక్షలిస్తామంటూ ముందుగా కమీషనో పన్నో కట్టమంటే ఫోను పెట్టేయండి. ఇలాంటి మోసాల గురించి 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే హెచ్చరించింది.