వంత లేని వక్త

మొన్న ఆదివారం ఓ పుస్తకావిష్కరణ సభకు అధ్యక్షత వహించాను. ఒక్కో వక్తకు ఐదు నిమిషాలు. నాలుగో ఆయన పదకొండు పేజీలు రాసుకొచ్చి, ఒక్కటీ వదలకుండా ఆ ఐదు నిమిషాల్లోనే కుక్కేశాడు. చిన్న స్టేషన్లో ఆగని ఎక్స్‌ప్రెస్ బండిలా దూసుకుపోయాడు. మాకు దుమ్ము మిగిలింది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా చాదస్తం కొత్త కాదు: తెలుగుకు తొందర పనికిరాదు. మన వాక్యానికి ప్రాణం తోకలో ఉంటుంది. 'ఈ పుస్తకం కొనమని చెప్ప...' దాకా వినిపించి, చివరి 'గలను'నో 'లేను'నో వక్త మింగేస్తే శ్రోత ఎటు పోవాలి? నిమిషానికి ఇన్ని మాటలు అనే ఇంగ్లిషు లెక్కా మనకు కుదరదు. 'వెళ్లలేకపోయానంటున్నాడు' మనకు ఒక్క మాటే!

ఇదే మళ్లీ రాద్దామని కూర్చుంటే చిన్నప్పటి బుర్రకథ అడ్డొచ్చింది. శ్రీరామనవమి పందిరి, పెట్రోమాక్స్ వెలుగు, బొబ్బిలి యుద్ధం. కథకుడిది బుర్రకథకు పేరు మోసిన నాజర్ బాణీ అని పెద్దవాళ్లు మురిసిపోయారు. భుజాన తంబురా, బొటనవేలికి అందె. 1757 నాటి కోట ముట్టడి దగ్గరికి వచ్చేసరికి కథకుడు గుర్రమెక్కేశాడు. మా నాలుగో వక్త ఆయన ముందు ఎద్దుబండి. అయినా చివర చాప మీద కూర్చున్న మా నాయనమ్మకు ఒక్క అక్షరం జారలేదు.

ఎందుకంటే చరణం చరణానికీ వంతలిద్దరూ గుమ్మెటలు వాయిస్తూ 'తందాన తాన' అనేవాళ్లు. ఆయన ఊపిరి పీల్చుకునేలోగా మేం విన్నది అరిగించుకునేవాళ్లం. హాస్యపు వంత 'ఆఁ, తరవాతేమైంది?' అన్నాడంటే యుద్ధమే ఆగేది. కళ్లెం కథకుడి చేతిలో లేదు, వంతల చేతిలో ఉంది.

అంటే తప్పు వేగానిది కాదు. నా పాత సిద్ధాంతానికి నీళ్లొదలక తప్పదు. నిజం చెప్పాలంటే ఆ సభలో ముగింపు మాటలు నావే. చాలా నిదానంగానే మాట్లాడాను. కానీ వాక్యం ముగిసినచోట ఆగకుండా 'అంటే...', 'అదే...' అంటూ పక్కదానికి ముడేస్తూ పోయాను. ముందు వరుసలో ఇద్దరు కునుకు తీశారు. గూడ్సు బండి ఎంత మెల్లగా నడిచినా ఆగకపోతే ఎవరెక్కుతారు?

వంత లేని వక్త తనకు తానే వంత కావాలి. క్రియను పూర్తిగా పలికి, మనసులో ఓసారి 'తందాన తాన' అనుకుని, అప్పుడు తరవాతి మాట ఎత్తుకోవాలి. శుక్రవారం పెన్షనర్ల మీటింగులో ప్రయత్నించాను. రెండో తందానకే వెనక నుంచి ఎవరో, 'అయిపోయిందాండీ?' అన్నారు.

హాస్యపు వంత దొరికాడు.