ఊఁ కొట్టే శ్రోత: రేడియో అన్నయ్య కథనపద్ధతి

తెలుగు బాలసాహిత్య చరిత్రలు న్యాయపతి రాఘవరావును (1905-1984) ఎక్కువగా ‘బాల’ పత్రిక సంపాదకుడిగా నమోదు చేసి ముందుకు సాగుతాయి. ‘రేడియో అన్నయ్య’ అన్న వ్యవహారనామం ఆ పరిచయంలో ఒక బిరుదుగా మిగిలిపోతుంది. ఆయన కథనపద్ధతి మాత్రం ఆ పేరులోనే ఉంది.

రాఘవరావు జన్మస్థలం బరంపురం. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు బరంపురం, ఇచ్ఛాపురం, టెక్కలి, టెక్కలికి దిగువన కడలి ఒడ్డునున్న భావనపాడు, శ్రీకాకుళం, అన్నీ మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందినవే. ఆయన సహధర్మచారిణి కామేశ్వరి విజయనగరం ఆడపడుచు. గిడుగు రామమూర్తి వ్యావహారిక భాష కోసం వాదించినదీ, గురజాడ రాసి చూపినదీ ఈ ప్రాంతం నుంచే. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం ప్రారంభమైంది. అక్కడి నుంచి తెలుగు పిల్లల కార్యక్రమాలను ఈ దంపతులు నిర్వహించారు. వాదంగా గెలిచిన వాడుకభాష పిల్లల చెవికి క్రమం తప్పకుండా చేరడానికి రేడియో వలసివచ్చింది.

తెలుగు మౌఖిక సంప్రదాయంలో కథ చెప్పేది సాధారణంగా అవ్వ లేదా తాత. వాచకంలో చెప్పేవాడు పంతులు. ఒకరిది వాత్సల్యం, మరొకరిది శాసనం. అన్నయ్య ఈ ఇద్దరి నడుమ నిలుస్తాడు: వయసులో పెద్ద, ఆటలో తోడు. (భార్యాభర్తలు పిల్లలందరికీ అన్నయ్య, అక్కయ్య కావడంలోని చమత్కారాన్ని శ్రోతలు ఏనాడూ ఎబ్బెట్టుగా భావించలేదు, ఆ వరసలు కథకుల స్థానాన్ని తెలిపేవే గాని బంధుత్వాన్ని కావు.) అన్నయ్యకు అడ్డు తగలవచ్చు, ఎదురు ప్రశ్న వేయవచ్చు. పంతులుతో అది కుదరదు.

మరొక అంశం ఇంతకన్నా కీలకం. తెలుగునాట కథ వినేవారు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగితే కథ ఆగుతుంది. రేడియో పెట్టె ముందున్న పిల్లవాడు ఎంత ఊఁ కొట్టినా చెప్పేవారికి వినబడదు. స్టూడియోలోకి పిల్లలనే పిలిచి, వారి చేత పాడించి, మాట్లాడించి, నవ్వించి ‘బాలానందం’ ఆ లోటును పూడ్చింది. ఇంట్లోని శ్రోత బదులు స్టూడియోలోని తోటి పిల్లలు ఊఁ కొట్టారు. దీనిని కేవలం వినోద కార్యక్రమ నిర్వహణగా చూడడం సరికాదు; యంత్రం తుంచివేసిన కథన సంబంధాన్ని తిరిగి ముడివేసిన ప్రక్రియాపరమైన పరిష్కారం అది.

1945లో వెలువడిన ‘బాల’ను కూడా ఈ దృష్టితోనే చదవాలి. అది పిల్లల కోసం రాసిన పత్రిక మాత్రమే కాదు, పిల్లల చేత రాయించిన పత్రిక. ముళ్ళపూడి వెంకటరమణ తొలి రచన అందులోనే అచ్చయింది. పెద్దలను నిలదీసే ‘బుడుగు’ గొంతుకు, మైకు ముందు మాట్లాడిన బాలానందం పిల్లల గొంతుకు గల సంబంధం ప్రత్యేక పరిశోధనకు యోగ్యమైనది.

అయితే ఈ కృషికి ఒక పరిమితి ఉంది. ‘బాల’ పుటల్లోని ప్రధాన భాష శిష్టవ్యావహారికం. ‘ఏటి’, ‘బేగి’, ‘గుంటడు’ వంటి కళింగాంధ్ర పలుకుబడికి అక్కడ ప్రవేశం అరుదు. జముకుల కథ, తప్పెటగుళ్ళ వంటి ప్రాంతీయ కథనరీతులు ఆ దంపతులకు పుట్టినగడ్డవే అయినా వారి ప్రక్రియకు పునాది కాలేదు. విజయవాడ కేంద్రం 1948లో గాని, విశాఖపట్నం కేంద్రం 1963లో గాని రాలేదు. అంతకుముందు మద్రాసు నుంచి అన్ని జిల్లాలనూ ఉద్దేశించి మాట్లాడవలసినవారు మధ్యస్థమైన భాషను ఎన్నుకోవడం అర్థం చేసుకోదగినదే. కాని దానికి మూల్యం లేకపోలేదు. ఆ ప్రసారం భావనపాడు జాలరిపిల్ల చెవిన పడి ఉంటే, అన్నయ్య వరస తనదిగానే తోచేది. అతని మాట మాత్రం పొరుగూరి మాటగా వినిపించేది.