తేనెపెట్టెలో కొత్త కాపురం

పుట్టతేనెటీగల గుంపును పెట్టెలోకి ఎక్కించడం ఒక పూట పని. ఎక్కినవాటిని అక్కడ నిలపడమే అసలు విద్య. కొండతేనెటీగ ఆరుబయట ఒకే పెద్ద పట్టు పెడుతుంది కాబట్టి పెట్టెకు లొంగదు. పుట్టతేనెటీగ మాత్రం పుట్టలో, చెట్టు తొర్రలో, రాతిగోడ సందులో చీకటి చూసుకుని పక్కపక్కనే నాలుగైదు పట్లు కట్టుకుంటుంది. ఈ అలవాటును గమనించే ఫాదర్ న్యూటన్ 1910 దశకంలో దక్షిణాదిలో ఈ ఈగకు సరిపోయే చిన్న పెట్టెను తయారుచేశారు. నేటికీ ఆ పెట్టె ఆయన పేరుతోనే చలామణిలో ఉంది.

అయితే ఈ ఈగ మహా అభిమానవతి. చోటు నచ్చకపోయినా, తిండి చాలకపోయినా, చీమలో మైనపు పురుగో వేధించినా కుటుంబం మొత్తం లేచిపోతుంది. అరకు, పాడేరు వైపు కొండల్లో పెట్టెలు పెట్టుకున్నవాళ్లకైనా, కోస్తా కొబ్బరితోటల్లో పెంచేవాళ్లకైనా మొదటి మూడు వారాలే గండం.

తొర్రలోంచి కోసిన పట్లన్నిటినీ పెట్టెలో పెట్టకూడదు. తేనెతో బరువెక్కిన భాగాన్ని కోసి పక్కన పెట్టాలి. పెట్టెలోని కర్ర ఫ్రేముకు కడితే ఆ బరువుకు పట్టు జారిపోతుంది, కారిన తేనె వాసనకు చీమలు బారులు తీరతాయి. పిల్లలున్న పట్టునే కట్టాలి, ఎందుకంటే పిల్లల్ని వదిలేసి పోవడానికి ఈగలకు అంత తొందరగా మనసొప్పదు. తడిపిన అరటినారతో పట్టును ఫ్రేముకు రెండుమూడు చోట్ల చుట్టి ముడి వేస్తారు. తొర్రలో ఏ అంచు పైకి ఉండేదో ఫ్రేములోనూ అదే పైకి ఉండాలి. పట్టులోని గదులు కొద్దిగా పైకి వాలి ఉంటాయి, తిరగేసి కడితే ఆ వాలు తప్పిపోతుంది. కొద్దిరోజులకు ఈగలే మైనంతో పట్టును కర్రకు అతికించి, ఇక అక్కర్లేని నారను కొరికి పోగులు పోగులుగా ద్వారం బయటికి ఈడ్చేస్తాయి. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన దృశ్యం అదే. అవి ఇంటిని తమదనుకున్నాయని ఆ నారపోగులు చూస్తే తెలుస్తుంది.

రాణి లోపలికి చేరిందో లేదో ద్వారం దగ్గరే తెలిసిపోతుంది. కొన్ని కూలి ఈగలు తోక పైకెత్తి రెక్కలు గబగబా ఆడిస్తూ వాసనను బయటికి విసురుతుంటాయి. దారి తప్పినవాటికి అదే పిలుపు. రాణి లోపల ఉందని రూఢి అయ్యాక ద్వారానికి రాణిగేటు బిగిస్తారు. దాని సందుల్లోంచి కూలి ఈగ దూరగలదు, రాణి దూరలేదు. రాణి లేనిదే గుంపు కదలదు. కానీ రాణి ఇంకా జతకట్టనిదైతే గేటు పెట్టడం ఆ కుటుంబం గొంతు నులమడమే. ఆకాశంలో పోతుఈగలతో జతకట్టి వస్తే తప్ప అది కూలి ఈగలకు జన్మనివ్వలేదు.

ఇక తిండి. పాత ఇంట్లో దాచుకున్న తేనె పోయింది. కొత్త పట్టు కట్టాలంటే మైనం కావాలి. అది వయసులో ఉన్న కూలి ఈగల పొట్ట అడుగున పలుచని పొలుసులుగా ఊరుతుంది. కిలో మైనం తయారవ్వాలంటే ఆరు నుంచి ఎనిమిది కిలోల తేనె తినాలని లెక్క. పూలమీద వాలి తెచ్చుకునేది మొదట్లో ఇంత పనికి చాలదు. అందుకే మొదటి సాయంత్రం నుంచే చక్కెర నీళ్లు పెట్టాలి.

ఒక పాలు చక్కెరకు ఒక పాలు నీళ్లు. నీళ్లు మరిగించి, దించాక చక్కెర కలపాలి. పొయ్యి మీద పాకం పట్టకూడదు, మాడిన చక్కెర ఈగలకు విషంతో సమానం. బెల్లం వద్దు, దానివల్ల విరేచనాలు పట్టుకుంటాయి. బజారు తేనె అసలే వద్దు, ఏ పెట్టెలోని రోగమో దానితో వచ్చి చేరుతుంది. మూతకు సన్నని రంధ్రాలు చేసిన సీసాను ఫ్రేముల మీద బోర్లిస్తే సరిపోతుంది. కొబ్బరిచిప్పలో పోస్తే నాలుగు ఎండుపుల్లలు వేయాలి, లేకపోతే ఈగలు మునిగి చస్తాయి. పొద్దు గూకాకే పెట్టాలి. పగలు పెడితే వాసన పట్టిన పొరుగు పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి, కొత్త గుంపు తట్టుకోలేదు. పూలు లేని రోజుల్లో, కుదురుకున్న కుటుంబానికి వారానికి 200 గ్రాముల చక్కెరతో చేసిన నీళ్లు చాలు. కొత్తదానికి కొద్దికొద్దిగా, తరచుగా ఇవ్వాలి. తెల్లారేసరికి ఖాళీ అయ్యేంతే పోయాలి, మిగిలితే పులుస్తుంది.

పెట్టె కాళ్లను నీళ్ల గిన్నెల్లో ఉంచి, మీద నీడ చూసి, ఆపైన చేతులు కట్టుకోవాలి. రోజూ మూత తీసి చూసేవాళ్ల పెట్టెలే ఎక్కువగా ఖాళీ అవుతాయి. లోపలి సంగతి ద్వారమే చెబుతుంది. కాళ్లకు పుప్పొడి ఉండలతో ఈగలు దిగుతుంటే లోపల పిల్లలకు మేత అందుతోందన్నమాట. గుడ్డు కూలి ఈగ కావడానికి ఇంచుమించు ఇరవై రోజులు పడుతుంది. ఈలోగా పాతవి రాలిపోతుంటాయి కాబట్టి గుంపు పలచబడినట్టు కనిపిస్తుంది. అప్పుడు కంగారుపడి కదిలించకూడదు.

అరకులో వలిసెలు పసుపు పరిచినట్టు పూసేవేళకు, మైదానంలో నువ్వులు విరగబూసేవేళకు సీసా తీసేయాలి. తేనె కోసం పెట్టెపైన మరో అర పెట్టేది ఆ తర్వాతే. పూలు ఉండగా కూడా చక్కెర నీళ్లు పోసి పిండేది తేనె కాదు, ఈగ నోట్లో నానిన పంచదార. దాన్ని తేనె పేరుతో అమ్మడం మోసం.

1990ల ఆరంభంలో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ జబ్బు దక్షిణ భారతంలో పుట్టతేనెటీగల పెట్టెలను ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేసింది. జబ్బును తట్టుకుని మిగిలిన గుంపుల నుంచే ఈ పెంపకం మళ్లీ వేళ్లూనుకుంది. ఇటలీ ఈగలను కుదేలు చేసే వరోవా నల్లిని మన ఈగ ఒళ్లు దులిపి, కొరికి వదిలించుకుంటుంది. ఇలాంటి జాతి మన పెరటి చింతచెట్టు తొర్రలోనే ఉంది. తొర్రలో పట్టు కనబడితే కాగడా పెట్టకండి. పెట్టె పెంచేవాళ్లు దగ్గర్లో ఉంటే కబురు చేయండి. ఎవరూ లేకపోతే దాన్ని అలాగే ఉండనివ్వండి.