శోధన పెట్టె వెనుక తెలుగు గ్రంథం

గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ భాగస్వామిగా నడిచిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది తెలుగు గ్రంథాలను స్కాన్ చేసింది. అయితే అందులోకి ప్రధాన ద్వారం శీర్షికో రచయిత పేరో నింపే శోధన పెట్టెగా ఉండేది. సెర్చ్ ఇంజన్లు లంకెల వెంట నడుస్తాయి. పెట్టెలో పేరు నింపడం సాధారణంగా వాటి పద్ధతి కాదు. పైగా పుటలన్నీ బొమ్మలు. శీర్షికలు రోమన్ లిపిలో, అదీ నిలకడ లేని వర్ణక్రమంతో ఉండేవి. అనంతరం ఈ ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరాక ఒక్కో గ్రంథానికి విడి పుట, స్థిరమైన చిరునామా ఏర్పడ్డాయి. దారి పడింది గానీ, నామఫలకం చాలావాటికి రోమన్‌లోనే మిగిలింది. తెలుగు లిపిలో వెతికే పరిశోధకునికి అవి కంటబడడం కష్టం. దీన్ని సాంకేతిక లోపమనడం కన్నా గ్రంథసూచీ లోపమనడమే సమంజసం. శీర్షికను, కర్తను, ముద్రణ సంవత్సరాన్ని ముఖపత్రం చదివి తెలుగులో నమోదు చేయవలసినవి తెలుగు శాఖలే.