ఒకే చూపులో మూడు

ఆకాశం చూసే అలవాటున్నవాళ్లలో దీర్ఘవృత్తాకార గెలాక్సీల మీద మోజున్నవాళ్లు తక్కువ. స్పైరల్‌ అయితే చేతులుంటాయి, ధూళి చారలుంటాయి, నోట్‌బుక్‌లో గీసుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. దీర్ఘవృత్తాకార గెలాక్సీ ఎం 105 దగ్గర అదేమీ లేదు. మధ్యలో కాస్త వెలుగు, అంచు ఎక్కడో తేలని మసక గుండ్రం, అంతే. అయినా ఏటా మార్చి, ఏప్రిల్‌ నెలల్లో నేను ముందు వెతికేది దాన్నే.

సింహరాశిలో మఖ నుంచి పుబ్బ జంటలోని దక్షిణపు నక్షత్రానికి ఒక గీత ఊహించుకుంటే, సగం దాటాక ఆ గీతకు కొద్దిగా దక్షిణంగా ఉంటుంది. మన వైపు నుంచి చూస్తే దాదాపు నడినెత్తికి వస్తుంది (మెడ సంగతి మాత్రం అడగొద్దు). ఊరి లైట్లకు దూరంగా వెళ్లగలిగితే ఎనిమిది అంగుళాల అద్దం చాలు. చూడటం మాత్రం ఓరకంట చూడాలి. మసక వెలుగును పట్టే కణాలు రెటీనా నడిమధ్యన ఉండవు, దాని చుట్టూ ఉంటాయి. పక్కవాళ్ల ఫోన్‌ వెలుగు ఒక్కసారి కంట్లో పడిందంటే మళ్లీ అరగంట చీకట్లో కూర్చోవలసిందే.

అలా కూర్చుంటే ఐపీస్‌లో ఒకటి కాదు, మూడు తేలతాయి. ఎం 105 పక్కనే ఎన్‌జీసీ 3384, వాటికి కాస్త ఎడంగా, బాగా నీరసంగా ఎన్‌జీసీ 3389. చిన్న త్రిభుజం. కొత్తగా చూసినవాళ్లెవరైనా ముగ్గురూ ఒక ఇంటివాళ్లే అనుకుంటారు. మొదటి రెండూ నిజంగానే పొరుగువి, మనకు సుమారు 3.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న లియో 1 గుంపులోవి. మూడోది ఆ గుంపుది కాదు, వాటికి చాలా వెనక ఎక్కడో ఉన్న స్పైరల్‌. మన చూపు సాగే దారిలో పడింది కాబట్టి పక్కన ఉన్నట్టుంది.

టెలిస్కోప్‌ దగ్గర కూర్చునేవాడికి ఉన్న పెద్ద ఇబ్బంది ఇదేనని నా అభిప్రాయం. లేచి అవతలి పక్కకు వెళ్లి చూసి రాలేం. ఎం 105 తరగతి ఈ1. అంటే దాదాపు గుండ్రన. అది మన వైపు నుంచి చూసిన మాటే. ఇడ్లీని పైనుంచి చూస్తే గుండ్రంగానే ఉంటుంది, పక్కనుంచి చూస్తే కదా దాని మందం తెలిసేది! ఇది అసలు బంతి లాంటిది కాదు, 3384 లాంటి పళ్లెమే మనకు ఎదురుగా తిరిగి ఉందేమోనన్న అనుమానం ఖగోళ శాస్త్రవేత్తలకే వచ్చింది.

అంతకంటే పెద్ద పేచీ 2003లో మొదలైంది. లా పాల్మా దీవిలోని విలియం హెర్షెల్‌ టెలిస్కోప్‌తో ఎం 105తో పాటు మరికొన్ని గెలాక్సీల శివార్లలోని గ్రహ నీహారికల (చనిపోతున్న నక్షత్రాలు వదిలిన వాయు మేఘాల) వేగాలు కొలిచారు. బయటికి పోయేకొద్దీ వేగాలు పడిపోతున్నాయి. అంటే పట్టి ఉంచే కృష్ణ పదార్థం అక్కడ పెద్దగా లేదన్నమాట. అన్ని గెలాక్సీలకూ అది దండిగా ఉండాలన్న లెక్కకు ఇది అడ్డం తిరిగింది. 2005లో మరో బృందం కంప్యూటర్‌ నమూనాలతో జవాబు చెప్పింది: గెలాక్సీలు కలిసిపోయినప్పుడు శివార్లకు విసిరేసిన నక్షత్రాలు కోలగా సాగిన కక్ష్యల్లో తిరుగుతాయి. వాటి కదలికలో ఎక్కువ భాగం మన చూపుకు అడ్డంగా సాగుతుంది. మనం కొలవగలిగేది ఎదురుగా వచ్చే, దూరంగా పోయే వేగాన్నే కాబట్టి అవి నెమ్మదిగా పోతున్నట్టు కనిపిస్తాయి. ఆ వాదనలో నాకు నచ్చింది కృష్ణ పదార్థం దొరకడం కాదు, చూసేవాడు కూర్చున్న చోటు కూడా లెక్కలో భాగమని గుర్తుచేయడం.

ఎం 105ను మొదట చూసింది ఫ్రాన్స్‌లో పియరే మెషాన్‌, 1781 మార్చి 24న. నాలుగు రోజుల ముందు ఆయనే చూసిన ఎం 95, ఎం 96 ఈ ‘ఎం’ నంబర్లిచ్చే మెసియే జాబితాకెక్కాయి, ఇది ఎక్కలేదు. కెనడా శాస్త్రవేత్త హెలెన్‌ సాయర్‌ హాగ్‌ చేర్చేసరికి 1947 అయింది.

ఇక ఏ ఐపీస్‌లోనూ కనిపించనిది ఒకటుంది. 1983లో అరెసిబో రేడియో టెలిస్కోప్‌కు ఈ గుంపులో, ఏమీ లేదనుకున్న చోట హైడ్రోజన్‌ వాయువు తగిలింది. వెతుకుతూ పోతే అది ఎం 105, 3384 జంట చుట్టూ దాదాపు 6.5 లక్షల కాంతి సంవత్సరాల వ్యాసంతో ఉన్న వలయమని తేలింది. చాలాకాలం దాన్ని గెలాక్సీగా మారని ఆదిమ వాయువు అనుకున్నారు. 2010లో వచ్చిన ఒక అధ్యయనం వంద కోట్ల ఏళ్లకు పైగా కిందట 3384, ఎం 96 ఢీకొన్నప్పుడు చిందిన వాయువే ఇదంది. ఆ ఎం 96నూ చూడాలనుకుంటే ట్యూబును దక్షిణానికి ఒక డిగ్రీ లోపు జరిపితే చాలు.