తల్లి పేగు, తల్లిపాలు: ఆధారాల విమర్శనాత్మక పరిశీలన

తల్లి పేగు ఆరోగ్యమే పాల ద్వారా బిడ్డ ఎదుగుదలను నిర్ణయిస్తుందనే వాదన ఇటీవల తరచుగా వినిపిస్తోంది. ఇందులోని అంశాలన్నింటికీ ఒకే స్థాయి ఆధారాలు లేవని విద్యార్థులు గమనించాలి.

తల్లి పేగులో సూక్ష్మజీవులను ఎదుర్కొన్న రోగనిరోధక కణాలు రొమ్ముకు చేరి, పాలలోకి ఐజిఎ ప్రతిదేహాలను అందిస్తాయి. ఇది రుజువైన మార్గం. ముర్రుపాలలో ఈ ప్రతిదేహాలు అధికం. పాలలోని ఓలిగోశాకరైడ్లు శిశువుకు జీర్ణం కావు. శిశువు పేగులోని బిఫిడోబాక్టీరియాకు ఆహారమవుతాయి. అయితే ఇవి తయారయ్యేది రొమ్ములోనే. వీటి రకాలు ప్రధానంగా తల్లి జన్యువులపై ఆధారపడతాయి. తల్లి పేగులోని బాక్టీరియా స్వయంగా పాలలోకి చేరుతుందా అన్నది ఇంకా వివాదాంశమే. మెదడు వికాసం గురించిన నిర్ధారణలు ఎక్కువగా ఎలుకలపై చేసిన ప్రయోగాల నుండి వచ్చినవే.

ఒడిశాలో 4,500కు పైగా నవజాత శిశువులతో జరిపి, 2017లో ప్రచురించిన అధ్యయనాన్ని కూడా జాగ్రత్తగా చదవాలి. అందులో సెప్సిస్, మరణాలు కలిపి సుమారు 40 శాతం తగ్గాయి. కానీ లాక్టోబాసిల్లస్‌ను ఇచ్చింది శిశువులకే, తల్లులకు కాదు.

కాబట్టి బిడ్డ బరువు పెరగకపోతే తల్లి తిండిని తప్పుపట్టడానికి గానీ, ఆమెచేత ప్రోబయాటిక్ పొడులు కొనిపించడానికి గానీ ఈ ఆధారాలు చాలవు. పుట్టిన గంటలోపు ముర్రుపాలు, 6 నెలల వరకు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలన్న సూచనకు మాత్రం గట్టి పునాది ఉంది.